పడవకొక అధికారి

ఎక్కడో కింద మైదానంలో, నిదానంగా పారే ఒక పెద్ద నది మీద, ఒక లాంచీ ఇసుకమేటలో ఇరుక్కుంది. ఎవరికీ ఏమీ కాలేదు. అందులో ఉన్న పెళ్లివారు ఇసుక మీదికి దిగి, భోజనాలు అక్కడే కానిచ్చి, మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ ఒడ్డుకు చేరారు. కానీ పత్రికల వాళ్లు ఊరుకోకుండా, ఆ సమయంలో లాంచీలో బాధ్యత గల అధికారి ఎవరైనా ఉన్నారా అని అడిగారు. లేరు. ఉండి ఉంటే ఇసుకే పక్కకి తప్పుకునేదని మా శాఖ పెద్దలకు తోచింది. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చేసింది.

"రాష్ట్ర జలములయందు విహరించు ప్రతి పడవయందును బాధ్యత గల అధికారి ఒకరు విధిగా ఆసీనులై ఉండవలెను. అట్లు లేని పడవను నీటియందు దింపరాదు."

చదవడానికి ముచ్చటగా ఉంది. నాకు ఉత్తర్వులంటే మొదటినుంచీ గౌరవం. చిక్కల్లా ఏమిటంటే, నేను మేనేజరుగా ఉన్న కంచుగెడ్డ సాహస జలవిహార కేంద్రంలో ఉన్నవన్నీ కయాకులు. కయాక్‌ని చూడనివారి కోసం చెబుతున్నాను. మనిషి కన్నా కాస్త పొడుగ్గా, రెండు చివరలా మొన తేలి ఉంటుంది. నడుమ ఒక కన్నం. ఆ కన్నంలో కాళ్లు చాపుకుని కూర్చుని, అటూ ఇటూ రెక్కలున్న తెడ్డుతో నీళ్లు తోసుకుంటూ పోవాలి. అందులో పట్టేది ఒక్క మనిషే. చంటిపిల్లను ఒళ్లో పెట్టుకోవడానికి కూడా వీలుండదు.

మా కంచుగెడ్డ, గెడ్డంటే కొండవాగు, ఏజెన్సీ కొండల్లో పుట్టి, కాఫీ తోటల మధ్య నుంచి, సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగల పక్క నుంచి, రాళ్ల మీద పడుతూ లేస్తూ పోతుంది. పళ్లెం మీద గరిటెతో కొట్టినట్టు దాని మోత కొండ అవతలికి వినిపిస్తుంది. ఆ నురగ నీళ్లలో కయాకు నడపాలని ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. వాళ్లను ముందుండి తీసుకెళ్లే గైడ్ల నాయకురాలు కిల్లో సొన్నాయి. ఆమె గొంతు గెడ్డ హోరుని మించి ఉంటుంది. దానికి చిన్నా పెద్దా తేడా తెలియదు. "ఎడంకి!" అని అరిచిందంటే జడ్జీగారైనా ఎడమవైపు తిరగాల్సిందే. తిరగనివారిని గెడ్డే తిప్పుతుంది.

ఉత్తర్వు చదివి వినిపిస్తే సొన్నాయి ఒక్కటే అడిగింది.

"మరి టూరిస్టు ఎక్కడ కూకుంతాడు బాబూ?"

అదే ప్రశ్నతో మా జాయింట్ డైరెక్టరు హయగ్రీవం గారికి ఫోను చేశాను. ఆయన మాట్లాడితే ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది.

"ఉత్తర్వునందు పర్యాటకుని ప్రస్తావన ఉన్నదా?" అన్నారు.

"లేదండి."

"అధికారి ప్రస్తావన?"

"ఉందండి."

"మరి సందిగ్ధమేమున్నది? ప్రస్తావన ఉన్నవారు ఎక్కుదురు. లేనివారు ఎక్కరు. మరొక విషయం. ఈ సీజనులో యాత్రలు సజావుగా జరగనిచో కేంద్రమును మూసివేసి, భవనమును శాఖాధికారుల విశ్రాంతి గృహముగా మార్చు ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది."

ఆ ప్రతిపాదన పెట్టిందీ ఆయనే, పరిశీలిస్తున్నదీ ఆయనే. గెడ్డ వైపు కిటికీ ఉన్న గదికి ఏ రంగు తెరలు బావుంటాయో కూడా అప్పటికే పరిశీలించేశారని తెలిసింది.

సొన్నాయి మొహం ఎర్రబడింది. "మూసీడమేటి? ఈ గెడ్డలో ఏ రాయి ఏ నీటికి మునుగుతాదో నేర్సుకోడానికి మా నలుగురికీ ఒంటి మీద తోలు ఊడిపోనాది. మల్లీ కాఫీ పళ్లు ఏరుకోమంతాడా ఆ బాబు? ఎవుల్నో ఒకుల్ని ఎక్కించీండి. మన పడవలు మాత్రం ఆగకూడదు."

నాకూ ఆగకూడదనే ఉంది. పొద్దున్నే కిటికీ తీస్తే గెడ్డ, పక్కన పొగలు కక్కే కాఫీ. ఇలాంటి ఉద్యోగం మళ్లీ దొరకదు. అదీగాక నేను కాంట్రాక్టు మనిషిని కాబట్టి 'బాధ్యత గల అధికారి' కిందికి రానని పైనుంచి తేల్చేశారు. ఉద్యోగం పర్మనెంటు కానందుకు ఆ రోజు మొదటిసారి దేవుడికి దండం పెట్టుకున్నాను.

మొదటి యాత్రకి వరహాలు గారు వచ్చారు. రాజమండ్రిలో బట్టల కొట్టు ఆయనది. కయాకు కన్నంలో పట్టడం కోసం నెలల తరబడి రాత్రి అన్నం మానేసి పొట్ట తగ్గించుకున్నారు. కొత్త హెల్మెట్టు పెట్టుకుని, లైఫ్‌జాకెట్టు బిగించుకుని, ఉత్సాహంగా ఒడ్డుకి వచ్చేసరికి ఆయన పడవలో రాజమండ్రి మునిసిపాలిటీ తోటల విభాగం సూపరింటెండెంటు గారు ఆసీనులై ఉన్నారు.

"అదేంటండీ! డబ్బులు నేను కట్టి, పడవ ఆయనెక్కుతాడాండీ?"

"మీ తరఫునే ఎక్కారండి," అన్నాను. "మీరు ఒడ్డున కాలిబాట మీద నడుస్తూ సాహసం అనుభవించవచ్చు."

వరహాలు గారు నన్ను తినేసేలా చూశారు. ఈలోగా గైడ్లు పడవల్ని నీళ్లలోకి తోశారు. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క అధికారి. మా శాఖలో చాలక మిగతా శాఖల నుంచి కూడా వంతులు వేసి పంపారు. పర్యాటకులు హెల్మెట్లతో ఒడ్డు వెంబడి మూగగా నడుస్తున్నారు. కాస్త దూరం నీళ్లు మర్యాదగానే నడిచాయి. ఆ తర్వాత అత్తగారి మలుపు వచ్చింది. ఎంత గొప్పవాడు వచ్చినా ఒక్క తిప్పు తిప్పి పక్కన పడేస్తుందని గైడ్లు దానికి ఆ పేరు పెట్టారు.

"ఎడంకి! ఎడంకి తిప్పండి సారూ!" అని సొన్నాయి అరిచింది.

సూపరింటెండెంటు గారికి ఏళ్ల తరబడి ఒక అలవాటుంది. ఎవరు ఏం చెప్పినా "చూద్దాం" అంటారు. అలవాటుగా "చూద్దాం" అన్నారు. చూసేలోపు పడవ బోర్లా పడింది. సొన్నాయి జాకెట్టు పట్టుకుని ఆయన్ని పైకి లాగి, ఉతికిన దుప్పటిలా ఒక బండ మీద ఆరేసింది.

ఒడ్డున వరహాలు గారు నవ్వడం మొదలుపెట్టారు. ఆయన వెనక అందరూ. చప్పట్లు ఆగలేదు.

"నా కొట్టుకి అడ్డం వచ్చిన కొమ్మ కొట్టించుకోడానికి ఈయన బల్ల చుట్టూ ఎన్నిసార్లు తిరిగేనో లెక్కలేదండి," అన్నారు వరహాలు గారు కళ్లు తుడుచుకుంటూ. "ఎప్పుడెళ్లినా చూద్దాం అనీవాడండి. ఇయ్యాల నేను చూసేనండి. ఆయ్, ఇచ్చిన డబ్బుకి ఇంతకంటే ఏం కావాలండీ!"

ఆ వార్త ఎలా పాకిందో గానీ మరుసటి ఆదివారానికి బస్సులు వచ్చాయి. వచ్చినవాళ్లలో ఎవరికీ కయాకు ఎక్కాలనే కోరిక లేదు. ఎక్కడెక్కడి ఆఫీసుల్లోనో ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నవాళ్లు. "రేపు ఏ శాఖండీ?" అని ముందురోజే ఫోను చేసి కనుక్కునేవారు. గేటు దగ్గర బోర్డు మీద ఏ రోజు ఏ శాఖో రాసి పెట్టాల్సి వచ్చింది. భూమి కొలతల వాళ్లు దిగిన రోజు కొండ కింది ఊళ్ల నుంచి రైతులు సకుటుంబంగా వచ్చి, ఒడ్డున చాపలు పరుచుకుని కూర్చున్నారు. బొంగు చికెన్ అమ్మేవాళ్లు పక్కనే పొయ్యిలు పెట్టారు. ఒక సర్వే అధికారి మలుపులో మునిగి, అవతల తేలి, మళ్లీ మునిగితే, ఒక ముసలాయన చేతులు జోడించి, "మా పొలం గట్టు కూడా ఇలాగే కనపడీది, పోయీది," అన్నాడు.

శాఖకి ఇవేమీ పట్టలేదు. వాళ్లకి అందిన నివేదిక ప్రకారం రాష్ట్రంలో ఒక్క పర్యాటకుడి కాలివేలు కూడా తడవని ఏకైక జలక్రీడా కేంద్రం మాది. 'ఉత్తమ సురక్షిత సాహస కేంద్రం' అని ఒక ఇత్తడి ఫలకం ఇచ్చారు.

ఫలకాన్ని గోడకి కొడుతుంటే సొన్నాయి గుమ్మంలో నిలబడి చూసింది.

"నాను మనుషులికి గెడ్డ సూపెట్టాలనుకున్నాను బాబూ," అంది. "ఇప్పుడు గెడ్డలోంచి ఆపీసర్లని ఏరుతున్నాను."

ఆమె గొంతులో నవ్వు లేదు. నాకు మేకు మీద దెబ్బ తప్పి వేలి మీద పడింది.

ఇంతలో అధికారులు అయిపోయారు. ఒక్కసారిగా చుట్టుపక్కల జిల్లాల్లో నడుంనొప్పులు ప్రబలాయి. చెవిపోట్లు మొదలయ్యాయి. నీళ్లంటే జాతకరీత్యా గండం ఉందని ఒకాయన జ్యోతిష్కుడి చేత రాయించి సెలవుచీటీకి జతచేశారు. మిగిలింది హయగ్రీవం గారు ఒక్కరే. జనం బోర్డు ముందు నిలబడి, "జేడీ గారు ఎప్పుడు?" అని అడగసాగారు.

అప్పుడు ఆయన బుర్ర పాదరసంలా పనిచేసింది. కొత్త ఉత్తర్వు వచ్చింది.

"పర్యాటకులు హెల్మెట్టు ధరించిన క్షణము నుండి తీసివేయు క్షణము వరకు తాత్కాలిక జలాధికారులుగా ఇందుమూలముగా నియమింపబడుదురు."

సొన్నాయి ఎగిరి గంతేసింది. పడవలో అధికారి ఉంటాడు, ఆ అధికారే పర్యాటకుడు. హయగ్రీవం గారిలో ఇంత తెలివి ఉందని నాకూ తెలియదు. వరహాలు గారికి ఫోను చేస్తే ఆ రాత్రే బస్సెక్కేశారు.

పొద్దున్నే అందరికీ నియామక పత్రాలు ఇచ్చి హెల్మెట్లు పెట్టాం. నీళ్లలో దిగిన కాసేపటికే తేడా కనిపించింది. నడుములు నిటారుగా అయ్యాయి. గడ్డాలు పైకి లేచాయి. మొదటి బండ దగ్గరే ముందు ఎవరు వెళ్లాలన్న తగువు వచ్చింది. వైజాగ్ నుంచి వచ్చిన ఒక లెక్చరరమ్మ తన నియామకం ముందు జరిగింది కాబట్టి తానే సీనియర్నని, జూనియర్ల పడవ వెనక నడపనని చెప్పింది. ఇంకొకాయన తన పడవ రంగు తన హోదాకి తగ్గట్టు లేదన్నాడు.

"ఎడంకి!" అంది సొన్నాయి.

వరహాలు గారు తెడ్డు ఒళ్లో పెట్టుకుని వెనక్కి తిరిగారు. నిన్న ఫోనులో "అమ్మాయ్, నువ్వు చెప్పినట్టు వింటానమ్మా" అన్న మనిషే.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసాండీ? నీ సూచన పరిశీలిస్తాం."

పరిశీలన ముగిసేసరికి ఆయన అత్తగారి మలుపు దాటి, పడవ లేకుండా, చాలా దూరం వెళ్లిపోయారు. లెక్చరరమ్మ నాయకత్వంలో మిగిలిన జలాధికారులు ఒక సుడిగుండంలో చిక్కుకుని, గానుగెద్దుల్లా తిరుగుతూ, సమావేశం పెట్టుకున్నారు. ఎవరు ముందు బయటపడాలో తేలలేదు. సొన్నాయి ఒక్కొక్కరినీ తాడు వేసి లాగింది. ఒడ్డుకి చేరి హెల్మెట్టు తీసిన మరుక్షణం వరహాలు గారు మామూలు మనిషి అయిపోయి, "అయ్యో, నాకేం పూనిందండీ?" అని తలపట్టుకున్నారు.

అక్కడితో అయిపోతే బావుండేది. ఆ రోజు సాయంత్రమే ఇద్దరు జలాధికారులు ఫిర్యాదు చేశారు. దినకూలీ గైడు అధికారులను ఏకవచనంలో ఆజ్ఞాపించిందని. హయగ్రీవం గారు తక్షణం స్పందించారు. ఇకమీదట గైడ్లు ఆజ్ఞలు ఇవ్వరాదు, తగు గౌరవముతో విన్నవించుకొనవలెను, అధికారి అడిగినప్పుడు మాత్రమే విన్నవించుకొనవలెను, అని మెమో.

మర్నాడు సొన్నాయి పళ్లు బిగించి, అడిగేదాకా ఆగి, అలాగే చేసింది. "గౌరవనీయులైన జలాధికారి వారికి దండాలు, తమరు దయుంచి ఎడం పక్కకి..." అనేసరికి గౌరవనీయులు నీళ్ల కింద ఉన్నారు. సాయంత్రానికి అందరూ తడిశారు. అధికారులుగా నియమితులైనవారు ఒక్క రోజులో ఇంతమంది తడవడం శాఖ చరిత్రలో లేదు. అధికారులకు భద్రత లేని కేంద్రాన్ని నడపజాలమని, మూసివేతకు స్వయంగా వస్తున్నానని హయగ్రీవం గారు కబురు చేశారు. జీపులో తాళంకప్పతో పాటు కిటికీ తెరలు కూడా వచ్చాయి.

ఆ పొద్దున ఒడ్డున జాతరలా ఉంది. జేడీ గారు వస్తున్నారని ఎలా తెలిసిందో, అన్ని ఊళ్ల జనమూ ఉన్నారు. హయగ్రీవం గారు వాళ్లని చూసి వీడ్కోలుకి వచ్చారనుకున్నారు.

"మూసీడానికి ముందు తనికీ సెయ్యాల కదా బాబూ," అంది సొన్నాయి వినయంగా. ఆమె వినయంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది.

"తనిఖీ చేయుచుంటిని గదా."

"ఒడ్డు మీదేటి తనికీ? ఆపీసర్లకి బద్రత నేదన్నది గెడ్డలో కదా. మరి గెడ్డలోన సూడాల."

జనం "జేడీ గారూ! జేడీ గారూ!" అని అరుపులు మొదలుపెట్టారు. అంతమంది ముందు వెనక్కి తగ్గడానికి ఆయనకు మొహమాటం అడ్డొచ్చింది. నాలుగు చేతులు పట్టి కయాకులో దింపాం. నీళ్లు లోపలికి రాకుండా ఆయన నడుముకి రబ్బరు గుడ్డ తొడిగి, దాని అంచుని కన్నం చుట్టూ బిగించాం. సొన్నాయి తన పడవలో పక్కనే బయల్దేరింది. నేను ఒడ్డు వెంట పరిగెత్తాను.

మొదటి నురగ మొహాన కొట్టగానే ఆయన, "ఏమి చేయవలెను?" అన్నారు. సొన్నాయి దణ్ణం పెట్టింది.

"ఏం చెయ్యాలి?" అని అరిచారు. భాష అప్పటికే వదులైంది.

"బాబూ, విన్నవించుకోమని తమరు ఆగ్నాపిస్తే..."

"ఆజ్ఞాపిస్తున్నా!"

"నోటితోటి సెల్లుతాదా బాబూ? మెమోలోన రాయనేదు."

ముందర అత్తగారి మలుపు హోరు వినిపిస్తోంది. హయగ్రీవం గారి మొహంలో హోదా అంతా నీళ్లతో కొట్టుకుపోయింది. మిగిలింది కొడుకూ కోడలూ ఉన్న, చావంటే భయం ఉన్న ఒక పెద్దమనిషి మొహం.

"అమ్మా! తల్లీ! నీ కాళ్లు పట్టుకుంటా, ఎటో చెప్పవే!"

సొన్నాయి గొంతు పాత గొంతైంది. "ఎడంకి! గట్టిగ! ఒంగు, ఒంగు! తెడ్డు ఒదలకు! ఇప్పుడు కుడికి! నాకేసి సూడకు, నీటికేసి సూడు!"

ఆయన ఒంగమంటే ఒంగారు, తిప్పమంటే తిప్పారు. పడవ బండ అంచుని రాసుకుని, గాల్లోకి లేచి, అవతల నిదానమైన నీళ్లలో పడింది. మునగలేదు. అంతా అయ్యాక ఆయన ఒక కేక పెట్టారు. ఎంత సంతోషమో దాన్లో! ఫైళ్ల మధ్య ఎన్నేళ్లు అణిగి ఉందో గానీ, కొండలు తిరిగి పలికాయి.

"మళ్లీ!" అన్నారు ఒడ్డు చేరగానే. "మళ్లీ ఒకసారి!"

"మల్లీ ఏటి బాబూ? మూసీడానికొచ్చీసారు కదా," అంది సొన్నాయి.

హయగ్రీవం గారు నీరుకారిపోయారు. ఇక మూయడం ఆయనకే ఇష్టం లేదు. కానీ పడవకొక అధికారి ఉండాలన్న ఉత్తర్వు పైనుంచి వచ్చింది, దాన్ని తాను కొట్టెయ్యలేరు. అధికారి ఎక్కితే మాట వినడు, వినకపోతే మునుగుతాడు. ఆలోచిస్తూనే పైకి లేవబోయారు. నడుముకున్న రబ్బరు గుడ్డ ఊడలేదు. కంగారుగా గట్టిగా లేచేసరికి పడవ కూడా ఆయనతో పాటే లేచింది. నడుం చుట్టూ పడవతో, అడ్డంగా ఊగుతూ, నిలబడ్డారు.

జనంలోంచి వరహాలు గారు దగ్గరికి వచ్చి ఆ రబ్బరు గుడ్డ అంచుని రెండు వేళ్లతో పట్టి చూశారు. ఆయన బట్టల వ్యాపారి కదా.

"నడుం పట్టీ ఉంది, కుచ్చు ఉంది, అంచు ఉంది. మీరు పడవ ఎక్కలేదండి సారూ, కట్టుకున్నారండి. మా కొట్లో అయితే దీన్ని పరికిణీల వరసలో పెడతామండి."

హయగ్రీవం గారి కళ్లు మెరిశాయి. అక్కడే, పడవ విప్పకుండానే, నా చేత రాయించారు.

"కయాక్ అనునది పడవ కాదు. నడుమునకు ధరించు వస్త్రము. వస్త్రమునందు అధికారి ఆసీనులై ఉండవలెనను నిబంధన ఏదియు లేదు."

సొన్నాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. నా ఉద్యోగ జీవితంలో అంత అర్థవంతమైన ఉత్తర్వు రాయలేదు.

మరుసటి ఆదివారం పర్యాటకులు పర్యాటకులుగానే నీళ్లలో దిగారు. సొన్నాయి "ఎడంకి" అంటే వరహాలు గారు ఎడమకి, "కుడికి" అంటే కుడికి తిరిగి, అత్తగారి మలుపు దాటి, చంటిపిల్లాడిలా కేరింతలు కొట్టారు. లెక్చరరమ్మ వరహాలు గారి పడవ వెనక వచ్చి కూడా ఏమీ అనుకోలేదు. వాళ్లందరి చివర్లో, సెలవు పెట్టి వచ్చిన హయగ్రీవం గారు.

కానీ ఒడ్డున చాపల మీద జనం దిగాలుగా ఉన్నారు. దూరాభారం నుంచి వచ్చారు పాపం. ఈ రోజు ఏ శాఖా లేదని, ఇకమీదట ఉండదని గేటు దగ్గర చెప్పాం. ఒక ముసలమ్మ పింఛను కాగితం చేత్తో పట్టుకుని, ఎవరు కనబడితే వారికి చూపిస్తోంది. హయగ్రీవం గారు తెడ్డు ఆపి వాళ్లకేసి చూశారు. ఆ కాగితం కేసీ చూశారు.

"ఎడంకి!" అని సొన్నాయి అరిచింది.

ఆయన కావాలనే కుడికి తిప్పారు.

పడవ తిరగబడింది. ఒడ్డు ఒక్కసారి లేచి నిలబడింది. ఈలలు, కేకలు, చప్పట్లు. ముసలమ్మ కాగితం చంకలో పెట్టుకుని మరీ చప్పట్లు కొట్టింది. సొన్నాయి ఆయన్ని జాకెట్టు పట్టుకుని పైకి లాగింది.

"ఎడం అన్నాను కదా బాబూ! ఇనపళ్లేదా?"

"వినబడిందమ్మా," అన్నారు హయగ్రీవం గారు నోట్లో నీళ్లు ఉమ్మేసి, ఒడ్డు వైపు చూస్తూ. "ఇన్నేళ్ల సర్వీసులో నేను చేసిన పనికి జనం సంతోషించడం ఇదే మొదలు. ఇంకొక్కసారి పడనివ్వు."